డిలీట్ చేసిన మెయిల్ పోయిందట!

ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకునే కుర్రాళ్లకు ఏళ్ల తరబడి నవ్వు తెప్పిస్తున్న ఫిర్యాదు ఒకటుంది: "నేను డిలీట్ చేసిన మెయిల్స్ కనిపించడం లేదు, కాస్త వచ్చి చూడండి బాబూ." ఫోను పెట్టేయగానే పక్కవాడికి చెప్పి పొట్ట పట్టుకుంటారు. తీసేసిందీ ఆయనే, పోయిందని లబోదిబోమంటున్నదీ ఆయనే! నవ్వాల్సిన మాటే, కాదనను. అయితే ఆ నవ్వు చెల్లాలంటే డిలీట్ మీట నొక్కగానే మెయిల్ నిజంగా పోవాలి. డెస్క్‌టాప్ మెయిల్ ప్రోగ్రాముల్లో మామూలుగా అది పోదు. ఔట్‌లుక్‌లో అయితే డిలీటెడ్ ఐటమ్స్‌లోకి, థండర్‌బర్డ్‌లో అయితే ట్రాష్‌లోకి మకాం మారుస్తుంది. అక్కడ దాన్ని తెరవొచ్చు, చదవొచ్చు, జవాబు రాయొచ్చు, వెతుక్కోవచ్చు, అటాచ్‌మెంట్ దించుకోవచ్చు. ఔట్‌లుక్ మరో అడుగు ముందుకేసి డిలీటెడ్ ఐటమ్స్ కింద సబ్‌ఫోల్డర్లు కూడా కట్టుకోనిస్తుంది. దానికి "పాత బిల్లులు" అని పేరు పెట్టినా, ఇదేం పని అని అడగదు. ఇన్ని వసతులున్న చోటు మన ఇళ్లలో అటకతో సమానం. పారేయడానికి మనసొప్పనిదీ, కళ్లెదుట ఉంచుకోవడానికి వీల్లేనిదీ అటకెక్కుతుంది. రాత్రికి రాత్రి అటక ఖాళీ అయితే ఇంటాయన అడగడా? అడిగితే నవ్వుతారా?

ఈ అలవాటు జనానికి ఊరికే అబ్బలేదు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక గిగాబైట్ చోటుతో వచ్చేనాటికి హాట్‌మెయిల్ ఉచిత ఖాతాలో ఉన్నది 2 మెగాబైట్లు. ఆఫీసు సర్వర్ల పిసినారితనం సంగతి చెప్పనక్కర్లేదు. మెయిల్ పెట్టె నిండిందని వారానికోసారి హెచ్చరిక వచ్చే రోజుల్లో ఇన్‌బాక్స్ ఖాళీగా ఉంచడమే గుమస్తా మంచితనానికి గుర్తు. తీసేయడానికి ఒక్క మీట చాలు. దాచుకోవాలంటే మాత్రం ఫోల్డర్ చేయాలి, పేరు పెట్టాలి, మౌస్‌తో లాక్కెళ్లి అందులో పడేయాలి. దేన్నీ తీసేయకుండా కంటికి కనపడనిచోట పెట్టే ఆర్కైవ్ బటన్ ఔట్‌లుక్‌కు 2016 వెర్షన్‌లో గానీ దక్కలేదు. అప్పటికి ఒక తరం ఉద్యోగులు డిలీట్ మీటతోనే దాచుకోవడం నేర్చేసుకున్నారు. దాచడం కష్టం, తీసేయడం తేలిక, తీసేసినా అలాగే ఉంటుంది అని ప్రోగ్రామే రోజూ పాఠం చెప్పింది. విద్యార్థి ఆ పాఠాన్ని శ్రద్ధగా ఒంటబట్టించుకున్నాడు. పరీక్షనాడు మాత్రం పాఠం మారిపోయింది.

లోపలి యంత్రాంగం చూస్తే వ్యవహారం ఇంకా రంజుగా ఉంటుంది. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ మొదలుపెట్టిన, మెయిల్‌ను సర్వర్‌లోనే ఉంచి చదివించే ఐమ్యాప్ పద్ధతిలో తొలగింపుకు రెండు మెట్లు. మొదట మెయిల్ మీద "తొలగించాలి" అని గుర్తు పడుతుంది. తర్వాత ఎక్స్‌పంజ్ అనే ఆజ్ఞ ఇస్తే, గుర్తున్నవన్నీ ఒక్కసారిగా పోతాయి. ఈ రెంటికీ మధ్య మెయిల్ ఉన్నచోటే ఉంటుంది. థండర్‌బర్డ్‌లో గుర్తు మాత్రమే పెట్టే అమరిక ఎంచుకుంటే దాని మీద అడ్డగీత గీసి మరీ చూపిస్తుంది. నా దృష్టిలో ఇంతకంటే నిజాయితీ గల ఏర్పాటు లేదు: శిక్ష పడ్డ మెయిల్ మన కళ్లముందే నిలబడి ఉంటుంది, అమలు మన చేతిలో ఉంటుంది. కానీ అడ్డగీతలు చూడముచ్చటగా లేవనుకున్నారో ఏమో, ప్రోగ్రాములు రాసేవాళ్లు దీని మీద చెత్తబుట్ట బొమ్మ అతికించారు. ఇప్పుడు డిలీట్ నొక్కితే మెయిల్ నకలు ఒకటి ట్రాష్‌లోకి వెళ్తుంది, అసలుదాని మీద తొలగింపు గుర్తు పడుతుంది, ఆ గుర్తును మనకు కనపడకుండా దాచేస్తారు. పైకి ఒక్క నొక్కుడు, కింద మూడు పనులు. వాటిలో ఏది ఎక్కడ తప్పినా ఫిర్యాదు చేసినవాడే వెర్రివాడు.

పోనీ ఆ బుట్ట అయినా ఒకటేనా? ఒక సర్వర్ దాన్ని ట్రాష్ అంటుంది, ఇంకొకటి డిలీటెడ్ ఐటమ్స్ అంటుంది, ఆపిల్ వాళ్లది డిలీటెడ్ మెసేజెస్, జీమెయిల్‌లో బ్రిటిష్ ఇంగ్లిష్ ఎంచుకున్నవాళ్లకు బిన్. ఏది చెత్తబుట్టో ప్రోగ్రాముకు సర్వర్ చెప్పడానికి ఒక ప్రామాణిక పద్ధతి 2011లో, ఆర్ఎఫ్‌సీ 6154 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంతో గానీ రాలేదు. ఈలోగా ఒకే ఖాతాలో ఫోను తీసేసినవి ఒక బుట్టలో, ల్యాప్‌టాప్ తీసేసినవి మరో బుట్టలో పడుతూ వచ్చాయి. జీమెయిల్ తత్వం వేరు. ట్రాష్‌లోకి పంపకుండా తక్షణం తొలగించేలా డెస్క్‌టాప్ ప్రోగ్రామును పెట్టుకుంటే, సర్వర్‌లో మామూలుగా ఉండే అమరిక ప్రకారం ఆ మెయిల్ తొలగిపోదు, ఆల్ మెయిల్ అనే ఫోల్డర్‌లో బతికే ఉంటుంది. చెత్తబుట్టలో లేదు, ఇన్‌బాక్స్‌లో లేదు, చావూ లేదు: త్రిశంకు స్వర్గం. అన్నిటికంటే ఎక్కువమందిని తిప్పలు పెట్టేది మాత్రం ఒక అల్పమైన సంగతి. బుట్టలో మెయిల్స్ వరుస మామూలుగా అవి వచ్చిన తేదీ ప్రకారం ఉంటుంది, తీసేసిన తేదీ ప్రకారం కాదు. మూడేళ్ల కిందటి మెయిల్‌ను ఇవాళ పొద్దున తీసేస్తే అది జాబితాలో మూడేళ్ల అడుగున పడుతుంది. ఇప్పుడే తీసేశాను కదా, పైనే ఉండాలి అని చూసేవాడికి అది మాయమైనట్టే. ఇందులో మూర్ఖత్వం ఎక్కడుందో నవ్వేవాళ్లు చూపించాలి.

నిజంగా పోయిన సందర్భాల్లో పోగొట్టింది ఎవరన్న ప్రశ్నకు జవాబులు అరడజను. ఔట్‌లుక్‌లో ప్రోగ్రామ్ మూసేటప్పుడు డిలీటెడ్ ఐటమ్స్ ఖాళీ చేసే అమరిక ఒకటుంది, థండర్‌బర్డ్‌లో 'ఎంప్టీ ట్రాష్ ఆన్ ఎగ్జిట్' దాని కవల. పాత మెయిల్స్‌ను గడువు ప్రకారం ఏరేసే ఔట్‌లుక్ ఆటోఆర్కైవ్ అమల్లో ఉంటే అది తన లెక్క ప్రకారం ఊడుస్తుంది. జీమెయిల్ సర్వర్ 30 రోజులకు ట్రాష్‌ను తనంతట తానే తుడిచేస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి ఆఫీసు మెయిల్ సర్వీసు ఎక్స్‌చేంజ్ ఆన్‌లైన్‌లో బుట్ట నుంచి కూడా పోయినవాటిని తిరిగి తెచ్చుకునే గడువు మామూలుగా 14 రోజులు, అడ్మిన్ తలిస్తే 30. మెయిల్స్‌ను కంప్యూటర్‌లోకి దించుకునే పాతకాలపు పాప్ ఖాతా అయితే, ఇంట్లో కంప్యూటర్‌లో బుట్ట ఖాళీ చేసినందుకు సర్వర్‌లో ఉన్న అసలు ప్రతి కూడా ఎగిరిపోయేలా ఒక టిక్కు ఉంటుంది. ఎప్పుడో ఎవరో పెట్టిన టిక్కు. మరో పక్క జీఎస్టీ చట్టం, వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలూ రికార్డులూ భద్రపరచమంటుంది. ఇన్‌వాయిస్‌లు మెయిల్లో వచ్చే విజయవాడ హోల్‌సేల్ వ్యాపారికి ఒక చేత్తో 72 నెలల చట్టం, ఇంకో చేత్తో 30 రోజుల చెత్తబుట్ట. రెండు గడువులూ ఒకే తెర మీద కనపడిన పాపాన పోలేదు.

ఇక వైద్యం. ఫిర్యాదు అందగానే మొదలయ్యే తంతు చూస్తే రోగమే నయమనిపిస్తుంది. ప్రోగ్రామ్ మూసి తెరవండి. ఫోల్డర్ రిపేర్ చేయండి. కాంపాక్ట్ చేయండి. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. మూసి తెరిస్తే, మూసేటప్పుడు బుట్ట ఖాళీ చేసే అమరిక ఉన్నచోట, మిగిలిన కాస్తా ఊడ్చుకుపోతుంది. కాంపాక్ట్ చేయమనడం అంతకంటే ఘనకార్యం. థండర్‌బర్డ్ లోకల్ ఫోల్డర్ ఒక్కొక్కటీ మామూలుగా ఒకే పొడవాటి టెక్స్ట్ ఫైలు, ఎంబాక్స్ అంటారు. అందులోంచి మెయిల్ తీసేస్తే అక్షరాలు ఎక్కడికీ పోవు, ఎక్స్-మొజిల్లా-స్టేటస్ అనే వరుసలో ఒక అంకె మారుతుంది, అంతే. ఆ అంకెను సరిచేసి, పక్కనున్న ఎంఎస్‌ఎఫ్ సూచిక ఫైలును తొలగించి ప్రోగ్రామ్ తెరిస్తే, పోయిందనుకున్న మెయిల్ తిరిగొస్తుంది. కాంపాక్ట్ చేసేదాకానే సుమా! కాంపాక్ట్ అంటే గుర్తు పడినవాటన్నిటినీ ఫైలులోంచి నిజంగా కోసేయడం. దొరికే ఆఖరి దారిని మొదటి మందుగా మూసేసి, "అన్నీ చేసి చూశాం సార్, లాభం లేదు" అని చేతులు దులుపుకుంటారు. చేయాల్సింది తలకిందుల వరుస: ముందు ఏమీ ముట్టుకోకుండా ప్రొఫైల్ ఫోల్డర్‌ను అలాగే కాపీ తీసిపెట్టాలి. తర్వాత బ్రౌజర్‌లో ఖాతా తెరిచి సర్వర్ దగ్గర ఏముందో చూడాలి, అన్ని రకాల బుట్టలూ వెతకాలి, తేదీ వరుస చూడాలి, చదవనివి మాత్రమే చూపే వడపోత ఎక్కడైనా బిగుసుకుని ఉందేమో చూడాలి, ఔట్‌లుక్ అయితే రికవర్ డిలీటెడ్ ఐటమ్స్ అడగాలి. రిపేరూ కాంపాక్టూ ఆ తర్వాతి మాట. ఇది సాయం చేసే కుర్రాళ్ల దోషం అనను; వాళ్ల చేతికిచ్చిన కాగితం మీద ఆ వరుసే ఉంది.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. చెత్తబుట్టలో దాచుకోవడమేంటి, జాగ్రత్త ఉండక్కర్లేదా అన్నది మొదటిది. ఉండాలి. కానీ జాగ్రత్త అన్నది నియమం తెలిసినవాడిని అడగాల్సిన సరుకు. ఔట్‌లుక్ మూసేటప్పుడు శాశ్వతంగా తీసేయనా అని అడుగుతుంది కదా అన్నది రెండోది. అడుగుతుంది. సాయంత్రం బస్సు వేళకు, బ్యాగు భుజానికి తగిలించుకున్నాక అడుగుతుంది. ఎన్ని పోతాయో, ఎప్పటివో చెప్పదు. ఆ క్షణాన "ఔను" తప్ప మరో బటన్ నొక్కినవాడు ఇంటికి ఆలస్యంగా చేరతాడు. మూడో అభ్యంతరం కాస్త బరువైనది: తొలగింపు నిజమైన తొలగింపుగా ఉండకపోతే మనిషి గుట్టు ఏం కావాలి? ఒప్పుకుంటాను. కానీ ఈ బుట్టల ఏర్పాటు గుట్టును కాపాడిందెక్కడ? 1986 నవంబరులో అమెరికా ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలు అమ్మిన ఇరాన్-కాంట్రా వ్యవహారం గుట్టు రట్టయ్యే వేళ వైట్‌హౌస్‌లో జాతీయ భద్రతా సలహాదారుడు జాన్ పాయిండెక్స్‌టర్, ఆయన కింద పనిచేసే ఆలివర్ నార్త్ తమ ఐబీఎం ప్రాఫ్స్ మెయిల్ వ్యవస్థలోంచి వేల సందేశాలు చెరిపేశారు. బ్యాకప్ టేపుల మీద అవి చెక్కుచెదరకుండా కూర్చున్నాయి, ఆ వ్యవహారాన్ని విచారించిన టవర్ కమిషన్ వాటిని చదివింది. పోవాలని కంకణం కట్టుకున్న జాతీయ భద్రతా సలహాదారుడి మెయిల్ పోలేదు, ఉండాలని దాచుకున్న గుమస్తా మెయిల్ ముప్పై రోజులకు పోయింది. రహస్యాన్ని దాచనూ లేక, రికార్డును కాయనూ లేకపోయిన ఏర్పాటును గోప్యత పేరు చెప్పి సమర్థించడానికి గుండె ధైర్యం ఉండాలి.

గడువు ముందే చూపమంటే, అభ్యంతరం చెప్పేవాళ్లు ఆఖరి మాటగా చెప్పేది, సర్వర్ ఎన్నాళ్లు ఉంచుతుందో డెస్క్‌టాప్ ప్రోగ్రాముకు ఎలా తెలుస్తుందని. బ్రౌజర్‌లో జీమెయిల్ ట్రాష్ తెరిస్తే పైన ఒక వాక్యం ఉంటుంది: 30 రోజులు దాటినవి వాటంతటవే తొలగిపోతాయని. అదే ట్రాష్‌ను థండర్‌బర్డ్‌లో తెరిస్తే ఆ వాక్యం ఉండదు. మెయిల్స్ అవే, గడువు అదే, హెచ్చరిక మాత్రం దారిలో జారిపోయింది. సరే, సర్వర్ సంగతి తెలియదనే అనుకుందాం. మూసేటప్పుడు ఖాళీ చేసే టిక్కు ప్రోగ్రాముదే కదా. ఆటోఆర్కైవ్ గడువు ఔట్‌లుక్ సొంత మెదడులోనే ఉంది కదా. ఫలానా మెయిల్‌ను ఏ తేదీన ఊడుస్తుందో దానికి తెలిసినంతగా లోకంలో ఎవరికీ తెలియదు. ఆ తేదీని బుట్ట నెత్తిన ఒక్క వరుసలో రాయడానికి కొత్త ప్రోటోకాల్ అక్కర్లేదు, స్టాన్‌ఫర్డ్ అక్కర్లేదు. అక్షరాల రంగులూ, ఐకాన్ల గుండ్రనాలూ ప్రతి వెర్షన్‌లో మార్చడానికి తీరిక దొరికే ఇంజినీర్లకు ఈ ఒక్క వరుసకు తీరిక చిక్కేదాకా, ఫోను పెట్టేశాక నవ్వుకునే కుర్రాళ్లు కాస్త ఆగి, ఎంప్టీ ట్రాష్ ఆన్ ఎగ్జిట్ దగ్గర టిక్కు ఉందేమో తమ సొంత కంప్యూటర్‌లో చూసుకుంటే మంచిది.