పాపకి మాత్ర, నాన్నకి నిద్ర

అమెరికాలో ఎలుగుబంట్లకి మంచి రోజులొచ్చాయి. అడవుల్లో సంగతేమో గానీ, మందుల షాపుల్లో మాత్రం గిరాకీ బాగుంది. గోరంత సైజులో, ఎర్రగా, మెత్తగా, స్ట్రాబెర్రీ వాసనతో సీసాలో ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి. మనం పిల్లల్ని పడుకోబెట్టడానికి బూచాణ్ని పిలిచేవాళ్లం, వాడొచ్చి ఎత్తుకుపోతాడని బెదిరించేవాళ్లం. అక్కడ పిల్లలే ఎలుగుబంటిని నమిలేసి పడుకుంటున్నారు. నాగరికత అంటే ఇదే కాబోలు.

ఆ ఎలుగుబంటి పొట్టలో ఉండేది మెలటోనిన్. చీకటి పడగానే మెదడు మధ్యలో ఉండే పీనియల్ గ్రంథి తయారుచేసే హార్మోన్ ఇది. ఇక ఇవాళ్టికి దుకాణం కట్టెయ్యమని ఒంటికి కబురు పెడుతుంది. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు దీన్ని ఆవుల పీనియల్ గ్రంథుల్లోంచి వేరుచేశాడు. పాపం ఆయన వెతుకుతున్నది చర్మం రంగుని మార్చే పదార్థం కోసం. తన పరిశోధన చివరికి ఎలుగుబంటి ఆకారంలో అంగడికెక్కుతుందని కలలో కూడా అనుకుని ఉండడు.

బ్రిటన్‌లో దీనికి డాక్టరు చీటీ కావాలి. అమెరికాలో 1994 నాటి చట్టం పుణ్యమా అని ఇది సప్లిమెంట్ల ఖాతాలో పడింది. అంటే అమ్మకానికి పెట్టేముందు ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు, విటమిన్ల పక్క అరలో పెట్టి అమ్ముకోవచ్చు. 2023లో కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు తల్లిదండ్రుల్ని అడిగితే, అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 18.5 శాతం మందికి గత నెల రోజుల్లో మెలటోనిన్ ఇచ్చారని తేలింది. ఏడాది నుంచి నాలుగేళ్ల పసివాళ్లలోనూ 5.6 శాతం ఉన్నారు.

ఈ లెక్కల్లోకి రాని ఓ మూడేళ్ల పిల్ల డల్లాస్ శివార్లలో ఉంది. మా పిన్ని మనవరాలు. కొడుకూ కోడలూ ఉద్యోగాల్లో నలిగిపోతున్నారని పిన్ని జూన్‌లో వెళ్లింది. సాయంత్రం ఏడూ ముప్పావుకి కోడలు సీసా మూత తీసి పాప చేతిలో ఓ ఎలుగుబంటిని పెట్టింది. డల్లాస్‌లో జూన్ నెలలో పొద్దుగూకేది ఎనిమిదిన్నర దాటాక. కిటికీలోంచి ఎండ సోఫా మీద పడుతోంది.

"పొద్దుండగానే పడుకోవడానికి అదేవన్నా కోడిపిల్లటర్రా?" అంది పిన్ని.

"రొటీన్ అత్తయ్యా. డిస్టర్బ్ చెయ్యకూడదు."

రొటీన్ ప్రకారం హాల్లో ఆరు లైట్లు వెలుగుతున్నాయి. టీవీలో వెబ్ సిరీస్. పాప ఒళ్లో ట్యాబ్, అందులో పాటలు పాడే ఏనుగు. తొమ్మిదిన్నరకి వాళ్ల నాన్నకి హైదరాబాద్ టీమ్‌తో కాల్ ఉంది, మనకప్పుడు పొద్దున్న ఎనిమిది. ఆ కాల్‌కి అడ్డం రాకుండా పాప తొమ్మిదింటికల్లా నిద్రపోవాలి. అదీ రొటీన్. తొమ్మిదిన్నరకి కాల్ మొదలైంది. పాప ల్యాప్‌టాప్ ముందుకొచ్చి హైదరాబాద్ టీమ్ మొత్తానికీ చెయ్యూపి, "ఇంకో బేర్ ప్లీజ్" అంది.

ఈ సీను మీద సైన్సు ఎప్పుడో తీర్పు చెప్పేసింది. 2018లో అదే కొలరాడోలో మూడు నుంచి అయిదేళ్ల పిల్లలు పదిమందిని నిద్రపోయే ముందు గంటసేపు గట్టి వెలుతుర్లో ఆడించి చూశారు. ఒంట్లో తయారయ్యే మెలటోనిన్ దాదాపు 88 శాతం పడిపోయింది. లైట్లార్పిన యాభై నిమిషాల తర్వాత కూడా చాలామందిలో కోలుకోలేదు. అంటే పాప తలకాయలో ఉచితంగా నడుస్తున్న ఫ్యాక్టరీని ఆరు లైట్లు వేసి మూయించి, అదే సరుకుని డాలర్లు పెట్టి బయట కొంటున్నామన్నమాట. వ్యాపారంలో ఇంత తెలివి చూపిస్తే రోడ్డున పడతాం. పిల్లల పెంపకంలో చూపిస్తే జాగ్రత్తపరులం.

పోనీ కొన్నదైనా కచ్చితంగా ఉందా అంటే, 2023లోనే అమెరికా వైద్య సంఘం పత్రికలో ఓ పరీక్ష వచ్చింది. ఇలాంటి మెత్తటి మిఠాయి మాత్రలు, అంటే గమ్మీలు, పాతిక రకాలు తెచ్చి చూస్తే ఇరవై రెండింటి మీద అచ్చేసిన అంకె తప్పు. మెలటోనిన్ రాసినదాంట్లో 74 శాతం మొదలుకుని 347 శాతం దాకా ఉంది. ఒకదాంట్లో అసలు మెలటోనినే లేదు. ఇడ్లీ బండి దగ్గర చట్నీ వేసినట్టు ఎవరి చెయ్యి ఎలా తిరిగితే అలా పోశారు. చట్నీ ఎక్కువైతే ప్లేట్లో మిగుల్తుంది, ఇక్కడ మిగలదు.

మిఠాయిలా ఉన్నదాన్ని పిల్లలు మిఠాయిలాగే తింటారు కదా. పిల్లలు మెలటోనిన్ మింగేశారంటూ అమెరికా విష చికిత్స కేంద్రాలకి 2012లో 8,337 కేసులొచ్చాయి. 2021లో 52,563. ఎక్కువమందికి ఏమీ కాలేదు. కానీ ఆ పదేళ్లలో అయిదుగురిని వెంటిలేటర్ మీద పెట్టాల్సొచ్చింది, ఇద్దరు చనిపోయారు. ఇక్కడ నాకు జోకు తట్టడం లేదు.

ఆటిజం లాంటివి ఉన్న పిల్లలకి డాక్టర్లు చూసి, మోతాదు కట్టి ఇవ్వడం వేరు. వాళ్లతో నాకు పేచీ లేదు.

మన పిన్ని మాత్రం తక్కువదా? తన సూట్‌కేస్‌లో ఊరగాయల మధ్య వస కొమ్ము పెట్టుకెళ్లింది. సానమీద అరగదీసి రెండు చుక్కలు నాకిస్తే పిల్లకి కడుపు తేలికై మాటలూ నిద్రా రెండూ వస్తాయని ఆమె నమ్మకం. కోడలు ఫోన్ తీసి ఠక్కున చూపించింది. వసని ఆహారంలో కలపకూడదని అమెరికా 1968లోనే నిషేధించింది. కోడలు చెప్పింది అక్షరాలా నిజం. కాకపోతే ఆమె ఒక చేతిలో ఆ ఫోనుంటే రెండో చేతిలో ప్రభుత్వ అనుమతే అక్కర్లేని సీసా ఉంది.

పిల్లల నిద్రకి సీసా వెతకడం ఇవాళ్టి జబ్బు కాదు. 1849లో అమెరికాలోని బాంగోర్ ఊళ్లో మిసెస్ విన్‌స్లో పేరుతో ఓ సిరప్ వచ్చింది. పళ్లొచ్చే పిల్లలు ఏడుపు మాని హాయిగా నిద్రపోయారు. ఎందుకు నిద్రపోరు, అందులో ఉన్నది మార్ఫిన్. కొందరు మళ్లీ లేవలేదు. 1906లో చట్టం వచ్చి లోపలేముందో సీసా మీద రాయమంది. ఇంగ్లండులో 1851లో పుట్టిన గ్రైప్ వాటర్‌లో మొదట్లో ఆల్కహాలూ ఉండేది. తాతలు తాగారు, తండ్రులు తాగారు, అందరూ బుద్ధిగా పడుకున్నారు. 1920లలో బొంబాయి బట్టల మిల్లు తల్లులైతే పిల్లలకి నల్లమందు పెట్టి షిఫ్టుకి వెళ్లేవారని అప్పటి ప్రభుత్వ నివేదికల్లోనే ఉంది. వాళ్లని తిట్టడానికి నాకు నోరు రాదు. ఏడ్చే పిల్లని చూసి మిల్లు సైరన్ ఆగదు.

ఇప్పుడు సైరన్ బదులు క్యాలెండర్ ఇన్వైట్ వస్తోంది. అమెరికాలో తల్లులందరికీ జీతంతో ప్రసూతి సెలవు ఇమ్మనే కేంద్ర చట్టం ఈరోజుకీ లేదు. 1993 చట్టం ఇచ్చేది పన్నెండు వారాలు, అదీ జీతం లేకుండా, అదీ అందరికీ కాదు. కెనడాలో ఓ అధ్యయనంలో ఏడాది నిండిన పిల్లల్లో 28 శాతం మంది రాత్రి ఏకధాటిగా ఆరు గంటలైనా పడుకోలేదు. ఎదుగుదల చూస్తే వాళ్లకి ఏ లోటూ లేదు. పిల్లలు అలా లేస్తుంటారు, నీళ్లడుగుతారు, ఓసారి అమ్మ ఉందో లేదో తడిమి చూసుకుంటారు. పొద్దున్న తొమ్మిదింటి మీటింగ్ ఉన్నది వాళ్లకి కాదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, మేనేజరుకి వెయ్యాల్సిన మాత్ర పాపకి వేస్తున్నాం. రాత్రి తొమ్మిదిన్నరకి కాల్ పెట్టే పెద్దమనిషికి ఎనిమిదింటికే ఓ ఎలుగుబంటిని తినిపిస్తే రెండు దేశాల్లో ఎన్ని ఇళ్లు ప్రశాంతంగా పడుకుంటాయో ఎవరైనా పరిశోధన చెయ్యాలి.

ఆర్నెల్లు తిరక్కుండానే పిన్ని వచ్చేసింది. మొన్న చూడ్డానికి వెళ్తే సూట్‌కేస్ మంచమ్మీద తెరిచి ఉంది. బాదంపప్పు, చాక్లెట్లు, నొప్పుల ఆయింట్‌మెంట్, వాటి మధ్య రెండు ఎలుగుబంటి సీసాలు.

"ఇవెవరికి పిన్నీ? కూకట్‌పల్లి మనవడికా?"

"ఛ, పసివాడికి ఇలాంటివి పెడతావుట్రా? మీ బాబాయికి. రాత్రి ఒంటిగంట దాకా ఆ ఫోన్లో రీల్సు చూసి చూసి, నిద్ర పట్టట్లేదని నన్ను లేపుతున్నాడు."

లోపలి గదిలోంచి ఎవరో డాన్సు చేస్తున్న పాట, మధ్యలో బాబాయి నవ్వూ వినిపించాయి. పిన్ని సీసా మూత తిప్పి చూసింది. అది పిల్లలు తీయలేని మూతట. ఆవిడకీ రాలేదు.