హాజరు పలక

నేను పుల్లలచెరువు హైస్కూలు వరండాలో, హెడ్మాస్టరు గది గుమ్మం పక్కన గోడలో బిగించిన పలకరాయిని. నా మీద తెల్ల పెయింటుతో గళ్లు గీసి ఉంటాయి. ఎడమ పక్కన ఆరు నుంచి పది వరకు తరగతులు, పై వరసలో బాలురు, బాలికలు, మొత్తం, హాజరు. పొద్దున ప్రార్థన కాగానే ఎవరో ఒక పిల్లో పిల్లాడో సుద్దముక్కతో వచ్చి తేదీ మారుస్తారు, నిన్నటి అంకెలు చెరిపి ఇవాళ్టివి వేస్తారు. తనిఖీకి వచ్చిన అధికారి ముందు నన్ను చూసి, ఆ తరువాతే లోపలికి పోతాడు. తరగతి గదుల్లోని నల్లబల్లలకు పాఠాలు తెలుసు. నాకు తెలిసింది పిల్లలు. ఎవరొచ్చారో, ఎవరు రాలేదో, రానివాళ్లు ఏ నెలలో రాకుండా పోయారో తెలుసు. 2022లో టెన్త్ రాసి వెళ్లిన బ్యాచి గురించి చెప్పాలని నాకు ఎన్నాళ్లుగానో ఉంది.

ముందు నా పుట్టుక. మాది మార్కాపురం గని. ఈ నేలలో పలకరాయి వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటేనని భూగర్భశాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. ఒకప్పుడు నీళ్ల అడుగున పేరుకున్న బురద, మీద పడిన బరువుకూ వేడికీ బిగుసుకొని మేమయ్యాం. మమ్మల్ని పగలగొట్టరు, విడదీస్తారు. పనివాడు రాయిని నిలబెట్టి, అంచున ఉలి ఆనించి, సుత్తితో మెల్లగా తడతాడు. ఆ చప్పుడును బట్టే పొర ఎక్కడ వదులుతుందో అతని చెవికి తెలిసిపోతుంది. పల్చగా లేచినవాటిని సాపు చేసి నాలుగంచులా చెక్క బిగిస్తే బడిపిల్లల పలకలు. నోటుపుస్తకాలు వచ్చాక పలకల పని తగ్గింది. మావాళ్లు నేలకూ గోడలకూ పరిచే బండలై ఓడలెక్కి విదేశాలకు పోయారు. ఆ గనుల్లో, ఫ్యాక్టరీల్లో రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయిన కూలీలు ఎందరో ఉన్నారు. వాళ్ల మాట ఎత్తకుండా నా పుట్టుక చెప్పుకుంటే అన్యాయం. నేను పలకకు మందం, నేలకు పల్చన. అట్లా మిగిలిపోయి ఈ బడికొచ్చాను.

ఆ బ్యాచి 2017 జూన్‌లో ఆరో తరగతికి వచ్చింది. చుట్టుపక్కల పల్లెల్లో ఒకే గదిలో రెండు మూడు తరగతులు కలిపి చదివిన పిల్లలు. ఇక్కడ గంట కొట్టినప్పుడల్లా సారు మారుతుంటే బిత్తరపోయి చూసేవాళ్లు. ఊళ్లోనే ఉన్నవాళ్లు కొందరు, నల్లమల అంచు పల్లెల నుంచి ఆటోలో కాళ్లు బయటికి వేలాడేసుకొని వచ్చేవాళ్లు కొందరు, నడిచి వచ్చేవాళ్లు ఇంకొందరు. చెప్పులు నా కిందే విడిచేవాళ్లు.

అంకెలు గుండ్రంగా వేస్తుందని సోషల్ సారు ఒక అమ్మాయికి నా పని అప్పజెప్పారు. అడవి వైపు పల్లె పిల్ల. నాకు అందడానికి మునివేళ్ల మీద నిలబడేది. అన్ని తరగతుల అంకెలనూ డస్టరుతో తుడిచేది గాని, తన తరగతి అంకెను మాత్రం అరచేత్తో తుడిచేది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. సుద్ద గట్టిగా నొక్కి రాసి, పొడిని ఉఫ్‌మని ఊది, ఒక అడుగు వెనక్కి వేసి చూసుకునేది. అయిదేళ్లూ అదే పద్ధతి.

నన్ను రోజూ చదివే మనిషి ఇంకొకరున్నారు, మధ్యాహ్న భోజనం వండే అమ్మ. హైస్కూలు పిల్లకు పూటకు 150 గ్రాముల బియ్యం. ఆమెకు అక్షరాలు రావు, అంకెలొచ్చు. హాజరు గడి మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ లెక్క కట్టుకొని బియ్యం కొలవడానికి పోయేది. సంక్రాంతి సెలవులు అయిపోయాక ఆ వేలు అక్కడే ఆగిపోయేది. “అప్పుడే కోతలకు పోయినట్టుండారే” అని కొంగుతో మొహం తుడుచుకొని, ఆ రోజు బియ్యం తక్కువ కొలిచేది. రిజిస్టరు కంటే ముందే ఆమెకు ఊరి సంగతి అర్థమయ్యేది.

కోతలంటే మిరపకాయ కోతలు. మాది వాన పడితేనే పంట పండే నేల. బోరు వేస్తే నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు. పడిన చోట ఆ నీళ్లలో ఫ్లోరైడు. సరిహద్దు దాటితే పల్నాడు, అక్కడ సాగర్ కాలువల కింద ఎర్రగా విరగకాసిన మిరప. నీళ్లు అటు, కూలీలు ఇటు. కృష్ణ నీళ్లను నల్లమల కింద సొరంగాలు తొలిచి పశ్చిమ ప్రకాశానికి తెస్తామని వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. అప్పటికి ఈ పిల్లలు పుట్టనే లేదు. వాళ్లు పదో తరగతి దాటేనాటికి కూడా ఆ నీళ్లు పొలాల్లోకి రాలేదు. అందుకని పండగ మర్నాటి నుంచే మేస్త్రీలు తిరుగుతారు, అడ్వాన్సులు ఇస్తారు. ట్రాలీ ఆటోలో బియ్యం, గిన్నెలు, పైన కప్పుకునే పట్టలు, వాటి మధ్య పిల్లలు. కోసిన కాయకు కిలోల లెక్కన కూలి. పదేళ్లు దాటిన పిల్ల చేతులు కూడా ఇంటికి లెక్కే. అంతకంటే చిన్నవాళ్లు గట్టు మీద చంటివాళ్లను చూసుకుంటారు.

అంకెలు వేసే పిల్ల ఏడో తరగతిలో ఉండగా అట్లాగే పోయింది. ఎవరో అబ్బాయి వచ్చి వంకరటింకరగా అంకెలు వేశాడు. ఉగాది తరువాత ఒక పొద్దున మళ్లీ ఆమె వచ్చి సుద్ద పట్టుకుంది. పట్టుకోలేక వదిలేసింది. వేళ్ల కొసల మీద తోలు లేచిపోయి ఉంది. సుద్దపొడి తగిలితే మంట. చివరికి చున్నీ అంచు వేళ్లకు చుట్టుకొని రాసింది. నా మీద ఎన్నో చేతులు పడ్డాయి గాని, ఆ చేతిని నేను మరిచిపోలేదు.

జూన్‌లో వాళ్లమ్మ బడికొచ్చింది. సోషల్ సారు వరండాలోనే నిలబెట్టి అడిగారు, పిల్లను ఎందుకు తీసుకుపోయారని. ఆమె గొంతు పెంచలేదు. “దీన్ని ఒక్కదాన్నే ఈడ ఎవురికాడ ఇడిచిపెట్టి పోవాల సారూ? ఆడపిల్ల. మా అత్తకు కళ్లు సరిగా అగపడవు.” సారు చెప్పారు: “సీజనల్ హాస్టలుంది గదమ్మా. మీరు పోయిన ఆ మూణ్ణెల్లూ పిల్లలు అక్కడే తిని అక్కడే పడుకుంటారు. చూసుకునేదానికి మేమున్నాం.” వలసపోయే కుటుంబాల పిల్లల కోసం సర్వశిక్షా అభియాన్ కాలం నుంచీ నడుస్తున్న ఏర్పాటు అది. కాగితం మీద చిన్నదే. ఒక తల్లికి పిల్లను వదిలి వెళ్లే ధైర్యం ఇచ్చిందంటే నా లెక్కలో అది చాలా పెద్దది.

అట్లా ఎనిమిదో తరగతి జనవరిలో ఆ పిల్ల కోతలకు పోకుండా హాస్టల్లో ఆగిపోయింది. తన తరగతి హాజరు ఆ నెలలో ఎప్పుడూ లేనంత నిండుగా వేసింది. అదే నెలలో భోజనానికి కొత్త మెనూ వచ్చింది. వారంలో అయిదు రోజులు గుడ్డు, మూడు రోజులు చిక్కీ, శనివారం తీపి పొంగలి. వంట అమ్మ వేలు నా మీద హుషారుగా కదిలేది.

తరువాత కరోనా. 2020 మార్చి 18 సాయంత్రం పిల్లలు వెళ్లారు, మర్నాటి నుంచి బడులు మూసేశారు. ఆ తేదీ నా మీద నెలల తరబడి ఉండిపోయింది. ఎండలు పోయాయి, వానజల్లు వరండాలోకి కొట్టింది, అంకెల మీద దుమ్ము పట్టింది. హాస్టలు కూడా మూసేశారు. ఆ పిల్ల తల్లిదండ్రులు లాక్‌డౌన్‌తో పల్నాడులోనే చిక్కుపడ్డారు. మిరప చేలల్లో అట్లా ఆగిపోయిన కూలీలు అప్పుడు గుంటూరు జిల్లా అంతటా ఉన్నారు. ఈమె చూపు ఆనని నాయనమ్మ దగ్గర. దూరదర్శన్‌లో పాఠాలు వచ్చేవట. ఇంట్లో టీవీ ఉన్నవాళ్లు చూశారు.

నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు మళ్లీ బడి తెరిచారు. మూతికి మాస్కుతో ఆమె వచ్చి అలవాటు ప్రకారం అరచేత్తో తుడిచింది. పోలేదు. తడిగుడ్డ తెచ్చి రుద్దింది. అయినా పాత అంకె జాడ లీలగా మిగిలింది, దాని మీదే కొత్త అంకె వేసింది. కొత్తది చిన్నది. ఒక అబ్బాయి లారీ క్లీనరుగా చేరిపోయాడు. ఇద్దరు ముగ్గురు తాపీపనికి హైదరాబాదు పోయారు. ఒక అమ్మాయికి పెళ్లి చేసేశారు, తొమ్మిదో తరగతి పిల్లకు! రోజు విడిచి రోజు బడి, ఏప్రిల్‌లో రెండో ఉధృతి, మళ్లీ తాళాలు. పరీక్షలు లేకుండానే పైతరగతి.

2021 ఆగస్టు 16న పదో తరగతిలోకి వచ్చేసరికి వాళ్లు నాకు అందడానికి మునివేళ్ల మీద నిలబడాల్సిన పని లేదు. రెండేళ్ల పాఠాలు సగం సగమే ఒంటబట్టాయని సార్లకు తెలుసు, పిల్లలకూ తెలుసు. పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్టడీ అవర్. చీకటి పడ్డాక పిల్లల్ని ఊరు చేర్చడానికి సార్లు బండ్లు తీసేవాళ్లు. లెక్కలు రానివాళ్లు కూడికల దగ్గర నుంచి మొదలుపెట్టారు. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? ఆ పిల్లలను చూస్తే నాకు గర్వంగా ఉండేది.

2022 జనవరి వచ్చింది. పదో తరగతి వరస నిండుగానే ఉంది. ఆ పిల్ల రోజూ వస్తోంది, రాస్తోంది. ఒక పొద్దున ఏడో తరగతి హాజరు గడి దగ్గర ఆమె చెయ్యి ఆగింది. క్లాసు లీడరు తెచ్చిన చీటీని మళ్లీ చూసుకొని, నిన్నటి కంటే ఒకటి తక్కువ వేసింది. పోయింది ఆమె చెల్లెలే. టెన్త్ పిల్లను కదిలించవద్దని సార్లు పదే పదే చెప్పారు గనక ఇంట్లోవాళ్లు ఆమె బదులు చిన్నదాన్ని తీసుకుపోయారు. ఆ రోజు ఊదలేదు, వెనక్కి అడుగేసి చూసుకోలేదు. సుద్ద కింద పెట్టి నేరుగా క్లాసుకు పోయింది. నా మీద రెండు వరసల మధ్య దూరం జానెడే. ఆ జానెడులో ఒక ఇల్లు తన ఇద్దరు ఆడపిల్లల చదువును ఎట్లా పంచుకుందో నేను చూశాను. ఆ తల్లిని తప్పుపట్టడం నాకు చేతకాదు. నీళ్లు లేని ఊళ్లో ఆమె ముందున్న లెక్క అది.

ఏప్రిల్‌లో ఫేర్‌వెల్. వరండాకు రంగుకాగితాలు కట్టారు, స్లామ్ బుక్కులు చేతులు మారాయి. అమ్మాయిలు అక్కల చీరలు కట్టుకొచ్చారు. లారీ క్లీనరు అబ్బాయిని ఎవరో ఫోను చేసి రప్పించారు. ముందు గేటు దగ్గరే నిలబడిపోయాడు. “నన్నెందుకు పిలిచినార్రా, నేను టెన్త్ కాదు గదా” అంటే, “ఆరు నుంచీ మనోడివే గదరా, రా” అని భుజం మీద చెయ్యేసి లాక్కొచ్చారు. గ్రూపు ఫొటోలో వాణ్ణి మధ్యలో నిలబెట్టారు. మైకు దగ్గర ఒక్కొక్కరే మాట్లాడారు. ఖోఖోలో మండలం దాకా పోయిన కథలు, ఇంగ్లీషు పద్యం అప్పజెప్పలేక బల్ల కింద దాక్కున్న కథలు, కరోనాలో ఒక్క ఫోనును నలుగురు పంచుకొని హోంవర్కు చూసుకున్న కథలు. హిందీ మేడమ్ నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

ఆఖర్న అంకెలు వేసే పిల్ల లేచింది. ఎక్కువ మాట్లాడలేదు. “మా చెల్లి ఇప్పుడు నా బదులు మిరపకాయలు కోస్తా ఉంది. నేను ఈడ నిలబడి మాట్లాడేది దాని వల్లనే. ఈ పరీక్షలు కాంగానే నేను పనికి పోతా. దాన్ని మాత్రం బడికి పంపాల. సార్లు మా నాయనతో మాట్లాడాల” అంది. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సోషల్ సారు లేచి నిలబడి, “మాట్లాడతా తల్లీ” అన్నారు.

ఏప్రిల్ 27న పరీక్షలు మొదలయ్యాయి, ఏడు పేపర్లు. జూన్ 6న ఫలితాలు. రాష్ట్రమంతటా 67.26 శాతమే గట్టెక్కారు, ఎన్నో ఇళ్లలో ఏడుపులు. అదే ఏడాది పాత జిల్లాల లెక్కలో 78.30 శాతంతో ప్రకాశం మొదటి స్థానంలో నిలిచింది. కరువు జిల్లా, వలస జిల్లా అని అందరూ అనే అప్పటి మా జిల్లా! ఆ వార్తను హెడ్మాస్టరు వరండాలో పైకి చదివినప్పుడు విన్నాను. ఆ శాతంలో చున్నీ చుట్టుకొని సుద్ద పట్టిన వేళ్లున్నాయని పేపరువాళ్లకు తెలియదు. మా బ్యాచిలో తప్పినవాళ్లూ ఉన్నారు. సార్లు ఇళ్లకు పోయి జులై సప్లిమెంటరీకి ఫీజు కట్టించారు. లారీ అబ్బాయి కూడా టెన్త్ కడతానని వచ్చి వివరాలు రాసుకుపోయాడు.

ఆ పిల్ల ఇంటరుకని టీసీ తీసుకోవడానికి వచ్చింది, వెంట నాన్న, చెల్లెలు. సారు మాట నిలబెట్టుకున్నారు. గుమ్మం దగ్గర చాలాసేపు మాట్లాడారు. చెల్లెలిని కస్తూర్బా విద్యాలయంలో చేర్చడానికి ఒప్పించారు, అక్కడ ఉండటమూ తిండీ చదువూ అన్నీ ఒక్కచోటే. ఎనిమిదో తరగతి బాలికల గడిలో నాకు ఒకటి తగ్గింది, తగ్గినందుకు సంతోషించాను.

ఇప్పుడు నా మీద అంకెలు వేసేది వేరే పిల్లాడు. సోషల్ సారు డిసెంబరు రాగానే ఆరో తరగతి రిజిస్టరు ముందేసుకొని, పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి, ఇంట్లోవాళ్లు ఏ ఊరికి కోతలకు పోతారో, ఏ మేస్త్రీ వెంట పోతారో, ఇంట్లో మిగిలే పెద్దవాళ్లు ఎవరో అడిగి పేరు పక్కన రాసుకుంటున్నారు.