నేను కుక్కకాటు రిజిస్టరును

ఆదోని పక్క ఓ పీహెచ్‌సీలో, సూదిమందు గది బల్ల మీద ఉంటాను. పేరు, వయసు, ఊరు, కాటు ఎక్కడ పడింది, వీధికుక్కా పెంపుడుకుక్కా, గాయం ఏ కేటగిరీ అనే వివరాలు నా ఎడమ పేజీలో ఉంటాయి. కుడి పేజీలో సూది వేయాల్సిన రోజులు 0, 3, 7, 28 అని నాలుగు గడులు. నా ప్రాణమంతా ఆ గడుల్లోనే ఉంది.

ఓ పొద్దున గొర్రెల కాపరి కొడుకును వాళ్లవ్వ ఎత్తుకొచ్చింది. పిక్కలో పళ్లు దిగి నెత్తురు కారుతోంది. గాయం నిండా కారం.

"ఇసం ఇరుగుతాదని పెట్టినా నర్సమ్మా."

"కారం కాదవ్వా, సబ్బు పెట్టాల" అంటూ నర్సమ్మ కొళాయి కింద పదిహేను నిమిషాలు కడిగింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులేస్తారని అవ్వ వణికిపోయింది. ఆ పాత టీకాకు మన దేశంలో 2004లోనే కాలం చెల్లింది. ఇప్పుడు రెండు భుజాలకూ చర్మంలో 0.1 మిల్లీలీటరు చొప్పున వేస్తారు. నెత్తురొచ్చింది కాబట్టి నాలో కేటగిరీ 3 అని రాసి, గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించడానికి పెద్దాసుపత్రికి పంపారు. టీకా బలం వచ్చేలోపు వైరస్‌ను గాయం దగ్గరే అడ్డుకునేది అదే.

మూడు గడులు నిండాయి. ఇంతలో ఇంటిల్లిపాదీ గుంటూరు మిరపకోతలకు వలసపోయారు. కోసిగి, ఆదోని పల్లెలకు అది మామూలే. గాయం మానితే సూది సంగతి ఎవరికి గుర్తుంటుంది? కానీ రేబిస్ వైరస్ నరాల వెంట వారాలు, నెలలు పాకి మెదడుకు చేరుతుంది. లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం.

28వ నాడు ఖాళీ గడి చూసి, నర్సమ్మ ఆశా కార్యకర్త దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేసింది. "అన్నా, యాడుండారు? సూదుల కార్డు పట్టుకుని అక్కడి పీహెచ్‌సీకి పోండి." మర్నాడు సూది పడిందని కబురొచ్చింది. నాలుగో గడిలో తేదీ పడింది.

కర్నూలు, కడప పల్లెల్లో నాలాంటి రిజిస్టర్లు ఎన్నో. మా లెక్కలు జిల్లాకు చేరతాయి. ఏ ఊరి పేరు మాలో మళ్లీమళ్లీ పడుతోందో ఆ ఊరి కుక్కలకు పశువైద్యులు టీకా వేయాలి. నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే రోగం గొలుసు తెగుతుంది. 2030 కల్లా కుక్కకాటు రేబిస్ చావులు లేకుండా చేస్తామని దేశం 2021లో మాట ఇచ్చింది. ఆ మాట నిలబడాలంటే నన్ను నింపి మూసేస్తే చాలదు. ఖాళీ గడి కనిపించిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్లాలి.