256 బిట్ల ధీమా

ఈమధ్య వెబ్‌సైట్ల అడుగున ఓ బుల్లి తాళంకప్ప బొమ్మ, దాని పక్కనే ‘మిలిటరీ స్థాయి 256 బిట్ ఎన్‌క్రిప్షన్‌తో మీ సెషన్ భద్రం’ అనే మాట తరచూ కనిపిస్తున్నాయి. ఏ దేశపు మిలిటరీ, ఏ యుద్ధంలో, ఎవరి లాగిన్‌ను కాపాడిందో మాత్రం చెప్పరు. అడిగేవాళ్ళూ లేరు, 256 అన్న సంఖ్య చెవిన పడగానే నోట్లో ప్రశ్న నోట్లోనే ఉండిపోతుంది. ఆ మాట అబద్ధమని నేననను. సెషన్ నిజంగానే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. దొంగకు దాన్ని విప్పి చదవాల్సిన అవసరమే లేదన్న సంగతి ఒక్కటే అక్కడ రాయరు.

వెబ్‌కు పుట్టుకతోనే మతిమరుపు. ఇందాక వచ్చిన మనిషే మళ్ళీ వచ్చాడని సర్వర్‌కు దానంతటదిగా తెలియదు. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటుల్లి ఈ జబ్బుకి కుకీని కనిపెట్టాడు. పాస్‌వర్డ్ సరిపోగానే సర్వర్ ఓ చీటీ రాసిస్తుంది, అక్కడినుంచి బ్రౌజర్ ప్రతి పేజీకీ ఆ చీటీ చూపిస్తూ పోతుంది. గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్‌దీ ఇదే పద్ధతి: టోకెన్ తెచ్చినవాడివే చెప్పులు. దానిమీది నంబరును ఎవరికీ అంతుపట్టని లిపిలో చెక్కించినా, జేబులోంచి జారిపడిన టోకెన్‌ను ఏరుకున్నవాడు ఆ లిపి నేర్చుకోనక్కర్లేదు, తెచ్చి స్టాండువాడి చేతిలో పెడితే చాలు. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ ఫైర్‌షీప్ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ విడుదల చేసి లోకానికి చూపించింది ఇదే. ఉచిత వైఫైలో పక్క టేబుల్ వాళ్ళ ఫేస్‌బుక్ ఖాతా డబుల్ క్లిక్‌తో తెరుచుకునేది. అప్పట్లో పెద్దపెద్ద సైట్లు కూడా లాగిన్ పేజీ ఒక్కటే ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ తర్వాత కుకీని బాహాటంగా పంపేవి. పాస్‌వర్డ్‌కు పల్లకీ, దాని పని చేసిపెట్టే చీటీకి కాలినడక. కనెక్షన్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయడం తప్పనిసరి అని ఒప్పుకోవడానికి ఆ పరువుపోవడం కావాల్సివచ్చింది.

ఇక కుకీలో దాచే సెషన్ వివరాలనే ఎన్‌క్రిప్ట్ చేసే మాడ్యూల్ సంగతి. అపాచీ 2.4 సర్వర్‌తో 2012లో మాడ్ సెషన్ క్రిప్టో వచ్చింది. కాన్ఫిగరేషన్ ఫైల్లో నాలుగు లైన్లు రాస్తే పనైపోతుంది. డాక్యుమెంటేషన్లో ఉదాహరణకు ఇచ్చిన పాస్‌ఫ్రేజ్ ఏమిటంటే, ‘సీక్రెట్’. రేపు పొద్దున్నకి సైట్ ఎక్కించాల్సినవాడికి ఉదాహరణను ఉదాహరణగా చూసే తీరిక ఉంటుందా అని నా అనుమానం. ఊరికే అనుమానపడటం లేదు: ఏఎస్‌పీ డాట్ నెట్ సైట్లకు ప్రాణమైన మెషీన్ కీలు 3,000కు పైగా బహిరంగంగా పడి ఉన్నాయని 2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ హెచ్చరించింది. డాక్యుమెంటేషన్లోంచీ కోడ్ రిపాజిటరీల్లోంచీ డెవలపర్లు వాటిని ఎత్తి తమ సర్వర్లలో పెట్టుకున్నారు. దాడి చేసేవాళ్ళూ అక్కడినుంచే ఎత్తుకున్నారు. మళ్ళీ అపాచీకి వస్తే, మనం ఏమీ చెప్పకపోతే అది వాడే సైఫర్ ఏఈఎస్ 256. మనం ఏమీ చెప్పకపోతే సెషన్ గడువు సున్నా. సున్నా అంటే అసలు గడువే లేదని అర్థం. బ్రోచరులో వేసుకునే సంఖ్య అడక్కుండానే దక్కుతుంది, కొంపకు కాపలా కాసే సంఖ్యను వెతికి రాసుకోవాలి. కుకీకి సెక్యూర్, హెచ్‌టీటీపీఓన్లీ అనే గుణాలూ అంతే, మనమే టైపు చేయాలి. మొదటిది లేకపోతే కుకీ రక్షణ లేని దారినా పోతుంది, రెండోది లేకపోతే పేజీలోకి దూరిన ఏ స్క్రిప్టయినా దాన్ని ఎత్తుకుపోతుంది.

పోనీ ఆ ఎన్‌క్రిప్షన్ అయినా గట్టిదా? 2.4.23 దాకా ఆ మాడ్యూల్ సెషన్‌ను గూఢంగా మార్చేది గానీ, తిరిగి వచ్చినది తాను ఇచ్చినదేనా, మధ్యలో ఎవరైనా కెలికారా అని చూసేది కాదు. కుకీలో ఒక్కో బైటూ మార్చి పంపుతూ సర్వర్ ఎప్పుడెలా స్పందిస్తుందో గమనిస్తే చాలు, కీ తెలియకుండానే లోపలి విషయం బయటపడుతుంది. ఈ ప్యాడింగ్ ఒరాకిల్ దాడిని సెర్జ్ వొడెనే 2002లోనే ప్రచురించారు. 2010లో అదే దాడి ఏఎస్‌పీ డాట్ నెట్‌ను అల్లాడించింది. 2012 విడుదల ఇవేవీ ఎరగనట్టే వచ్చి, 2016 డిసెంబరులో 2.4.25 వెలువడేదాకా అలాగే కొనసాగింది. ఆ దాదాపు ఐదేళ్ళూ 256 బిట్లలో ఒక్కటీ తగ్గలేదు.

‘ఏమీ లేకపోవడం కంటే నయం కదా’ అంటారు. నయమే, సెషన్ వివరాలన్నీ యూజరు బ్రౌజర్లోనే దాచితీరాలని పట్టుబడితే. యూజరు చూడకూడని సమాచారాన్ని యూజరు చేతికే ఇచ్చి, అతను చూడకుండా గూఢలిపిలో రాయడం ముచ్చటైన ఏర్పాటే. ఎవరూ ఊహించలేని సంఖ్య ఒకటి కుకీలో పెట్టి, వివరాలు సర్వర్ దగ్గర ఉంచుకుంటే దాచాల్సిందేమీ మిగలదు. అందుకు అపాచీలోనే మాడ్ సెషన్ డీబీడీ ఉంది. డేటాబేస్ మీద భారం పడుతుందన్న వాదన ఉంది. వందల సర్వర్లున్న చోట అది కొట్టిపారేయదగ్గది కాదు. ఆ భారం దించుకున్నందుకు పోగొట్టుకునేది మాత్రం లాగౌట్. అన్నీ బ్రౌజర్లోనే ఉన్నప్పుడు లాగౌట్ అంటే ‘నీ దగ్గరున్న కుకీ చెరిపేసుకో నాయనా’ అని బ్రౌజర్‌ను బతిమాలుకోవడమే. దొంగ దగ్గరున్న నకలుకు ఆ విన్నపం చేరదు. దాన్నొక్కదాన్ని కొట్టేయడానికి సర్వర్ దగ్గర జాబితా లేదు. కీ మారిస్తే ఆ దొంగతోపాటు ఊరందరూ బయటపడతారు.

‘మాకు ఓటీపీ ఉంది’ అనేవాళ్ళు ఇంకొందరు. ఓటీపీ పని చీటీ ఇవ్వడానికి ముందే ముగిసిపోతుంది. 2023లో సిట్రిక్స్ నెట్‌స్కేలర్ అనే నెట్‌వర్క్ పరికరాల మెమరీలోంచి సెషన్ టోకెన్లు కారిపోయినప్పుడు, అవి పట్టుకొచ్చినవాళ్ళను ఎవరూ ఓటీపీ అడగలేదు. అక్టోబరులో ప్యాచ్ వచ్చాక కూడా, పాత సెషన్లను విడిగా రద్దు చేయనివాళ్ళ దగ్గర కాజేసిన టోకెన్లు యథావిధిగా పనిచేశాయి. అదే ఏడాది ఆక్టా సపోర్టు విభాగానికి కస్టమర్లు పంపిన బ్రౌజర్ రికార్డింగు ఫైళ్ళలోంచి దొంగలు టోకెన్లు ఏరుకున్నారు. లాగిన్ భద్రతను అమ్మే కంపెనీ అది! ఈ రెండు చోట్లా ఎవరూ ఎన్‌క్రిప్షన్ ఛేదించలేదు. కొద్ది నిమిషాలు కదలకపోతే బయటికి గెంటేసే నెట్ బ్యాంకింగ్‌ను మనం నిత్యం తిట్టుకుంటాం. మొత్తం వ్యవహారంలో బుద్ధిగా పనిచేస్తున్న భాగం బహుశా అదొక్కటే.

అయినా ఆడిట్ ఫారాల్లో ‘సెషన్ ఎన్‌క్రిప్ట్ అయిందా, అవును / కాదు’ అని గడి ఉంటుంది, అందరూ ‘అవును’ దగ్గర టిక్కు పెడతారు. ఆ ఫారం తయారుచేసేవాళ్ళు ఒక్క పని చేసి చూడవచ్చు. లాగిన్ అయి కుకీని కాపీ చేసుకుని, లాగౌట్ కొట్టి, అదే కుకీని కర్ల్ అనే కమాండుతో మళ్ళీ పంపాలి. ఖాతా పేజీ తెరుచుకుని పేరుపెట్టి ‘స్వాగతం’ అంటే, ఆ స్వాగతం కూడా 256 బిట్ల ఎన్‌క్రిప్షన్‌లోనే వచ్చి ఉంటుంది.