పార్కింగ్ చూపించు, ఉల్లిగడ్డ కొనుక్కో

2025 మేలో మహారాష్ట్ర రవాణా మంత్రి ప్రతాప్ సర్నాయిక్ గారు ఒక మాట సెలవిచ్చారు: పార్కింగ్ జాగా చూపించనిదే ఇకమీదట కొత్త కారుకు రిజిస్ట్రేషన్ ఉండదని. కార్ల ముంబయి గొల్లుమంది. అదే ఊళ్ళో కూలీల పేట కామాఠీపురా మాత్రం నిమ్మళంగా చాయ్ తాగింది. జాగా లేదు, కారూ లేదు. నియమం పుట్టకముందే దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్న పేట ఇది. శాలువా కప్పడానికి ఎవరూ రాలేదన్నదే కొరత.

1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట సముద్రాన్ని ఆపాక, ఆరిన నేలమీద నిజాం ఇలాకా నుంచి వచ్చిన తెలుగు కూలీలు కాపురాలు పెట్టారు. ఊరికి మేడలు కట్టిన ఈ కామాఠీలకు చివరికి మిగిలినవి నంబర్ల గల్లీలు. రెండు చేతిబండ్లు ఎదురైతే మూడోవాడు ఆగాల్సిందే. ఆటో పిలుద్దామంటే బాంద్రా, సయన్ దాటి దక్షిణానికి ఆటోలను రానివ్వరు. అందుకని సంచి పట్టుకున్న మనిషికి దిక్కు కాళ్ళు, బెస్ట్ బస్సు, కాలీపీలీ టాక్సీ. 2025లో బస్సు కనీస టికెట్ 5 రూపాయల నుంచి 10కి ఎగిరింది, టాక్సీ 28 నుంచి 31కి. కాళ్ళ రేటు పెరగలేదు. మోకాళ్ళ డాక్టరు ఫీజు వేరే ఖాతా.

అయినా ఇంట్లో పొయ్యి ఆరదు. సాయంత్రమయ్యేసరికి బజారే గుమ్మం ముందుకొస్తుంది. మూడో అంతస్తు కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దిగుతుంది, అందులో మడిచిన యాభై నోటు. పైనుంచి అవ్వ కేక: "భయ్యా, ఆధా కిలో టమాటర్, పావ్ కిలో భేండీ! మెత్తటియి ఎయ్యకు, నాకు కండ్లు కనబడ్తయి!" భయ్యాకు తెలుగు రాదు, అవ్వకు హిందీ సగమే వచ్చు. తూకంలో మాత్రం ఇద్దరూ పండితులే. టమాటాలమీద అల్లం ముక్క, నాలుగు మిరపకాయలు, కొత్తిమీర కలిపిన 'మసాలా' పడుతుంది, చిల్లర పడుతుంది, బుట్ట లేస్తుంది. సగం దారిలో ఆగుతుంది. "కరివేపాకేది?" మళ్ళీ దిగుతుంది. పది నిమిషాల్లో సరుకు తెస్తామని యాప్‌లు చెప్పుకుంటాయి గానీ, కరివేపాకు కోసం వెనక్కి తిరిగే యాప్ ఇంకా పుట్టలేదు.

ఆదా నిపుణులకు ఈ పద్ధతి నచ్చదు. రోజూ పావు కిలో కొనడం దండగట, నెల సరుకు ఒక్కసారే తెచ్చుకోవాలట. మంచి సలహా. రాధాకిషన్ దమానీ తొలి డీమార్ట్ 2002లో పవయీలో తెరిచారు. అక్కడికే పోదామనుకుంటే భాయ్‌ఖలాలో లోకల్ ఎక్కి, కంజూర్‌మార్గ్‌లో దిగి, ఆటో పట్టాలి. వచ్చేటప్పుడు చంకన నూనె డబ్బా, నెత్తిన బియ్యం. టాక్సీ ఎక్కితే మిగిలిన డబ్బు మీటరు మింగుతుంది. సరే, ఎలాగో తెచ్చారనుకుందాం. పెట్టేదెక్కడ? 1920లలో కట్టిన వర్లీ, నాయిగాం బీడీడీ చాళ్ళలో, అంటే ఒంటిగది కాపురాల కట్టడాల్లో, గది 160 చదరపు అడుగులు. అందులోకి పాతిక కిలోల బియ్యం మూట వస్తే అదే సోఫా. చుట్టం లేచేదాకా అన్నం వండలేరు.

తెలుగు నేతకారులు చెమటోడ్చిన మిల్లు పేటల్లోనూ ఇప్పుడు సరుకులకు లోటు లేదు. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ సమ్మె పిలుపుతో రెండున్నర లక్షల మంది మగ్గాలు ఆపారు, చాలామంది మళ్ళీ గేటు లోపలికి పోనే లేదు. లోయర్ పరేల్‌లో ఫీనిక్స్ మిల్లు మాల్ అయింది. కార్మికుడి మనవడికి ఆ గేటు ఇప్పుడు బార్లా తెరిచే ఉంటుంది, కారులో వస్తే కారుకు కూడా జాగా ఉంటుంది.

ఇక చాళ్ళే మేడలవుతున్నాయి. 2025 ఆగస్టులో వర్లీ బీడీడీ చాళ్ళవాళ్ళలో 556 మందికి నలభై అంతస్తుల టవర్లలో 500 చదరపు అడుగుల ఇళ్ళ తాళంచెవులు ఇచ్చారు. తరాల తరబడి ఇరుకులో బతికినవాళ్ళకు దక్కాల్సిందే దక్కింది, అందులో వంక పెట్టడానికేం లేదు. ఒక్క చిక్కు, ముప్ఫై ఎనిమిదో అంతస్తు నుంచి బుట్ట దించితే తాడు ఖర్చులో కిలో కందిపప్పు వస్తుంది. పావు కిలో బెండకాయలకు లిఫ్టు ఎక్కి దిగే ఓపిక లేక నెల సరుకు కొంటారు, మోయడానికి కారు కొంటారు, కారు నిలపడానికి సొసైటీ మీటింగులో కొట్లాడుకుంటారు. కామాఠీపురా పునర్నిర్మాణమూ ఈ టవర్లు కట్టించిన గృహనిర్మాణ సంస్థ ఎంహాడా చేతిలోనే ఉంది.

అసలు పెద్ద సరుకు గల్లీలోనూ దొరకదు, మాల్‌లోనూ దొరకదు. అది నిజామాబాద్, కామారెడ్డి మీదుగా వచ్చే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు కింద ఉంటుంది: ఊళ్ళో పండిన బియ్యం, పట్టించిన కారం, పసుపు, ఎండబెట్టిన గోంగూర. స్లీపర్ టికెట్‌కు 40 కిలోలు ఉచితమని రైల్వే రూలు. దసరా చేసుకుని వస్తున్న కుటుంబం ఆ రూలును ఉజ్జాయింపు అనుకుంటుంది. ఓ అత్తమ్మ కాళ్ళ దగ్గరున్న జాడీని చూసి టీసీ కనుబొమ్మలు ముడిచాడు.

"యే క్యా హై?"

"మామిడికాయ తొక్కు సాబ్. మూత తియ్యమంటవా?"