139 ఎలా వచ్చిందండీ?

డిసెంబరు 22 వస్తే చాలు, నాయుడుపేటలోనైనా మరెక్కడైనా బడిగోడ మీద రామానుజన్ పుట్టినరోజు మాయాచదరం వెలుస్తుంది. 2012 నుంచి అది జాతీయ గణిత దినోత్సవం మరి. పై వరసలో ఆయన పుట్టినతేదీ: 22, 12, 18, 87. అడ్డంగా కూడినా నిలువుగా కూడినా 139. పిల్లలు స్కెచ్‌పెన్నులతో దించుతారు, ముఖ్య అతిథి చప్పట్లు కొడతారు, ఫొటో వాట్సాప్ గ్రూపులో పడుతుంది. ఆటలతో గణితం అంటే ఇదేనట. ఆడిందెవరని మాత్రం అడక్కూడదు. రెండో వరస చూడండి: 88, 17, 9, 25. పై అంకెలే చోటు మారాయి. 87కి ఒకటి కలిపారు, 18లో ఒకటి తీశారు, 12లో మూడు తీశారు, 22కి మూడు కలిపారు. కలిపిందీ తీసిందీ చెల్లుకు చెల్లు, మొత్తం కదల్లేదు. ఈ కిటుకు పట్టుకున్న ఏడో తరగతి పిల్ల తన పుట్టినతేదీతోనే చదరం కట్టేస్తుంది. అంకెల బదులు అక్షరాలు పెడితే అదే బీజగణితం. కాకపోతే ఒక పీరియడంతా కొట్టివేతలు, క్లాసంతా గోల, ఇన్‌స్పెక్షన్‌కి చూపించడానికి చిత్తుకాగితాలు తప్ప ఏమీ మిగలవు. అందుకే విప్పేసిన పొడుపుకథలా జవాబుతో సహా గోడకి అంటించేస్తాం.

పజిళ్ళూ ఆటలూ క్రమం తప్పకుండా వాడమని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మంచిదే, కొత్తదేం కాదు. మహావీరాచార్యుల గణితాన్ని పదకొండో శతాబ్దంలో తెలుగు చేసిన పావులూరి మల్లన లెక్కల్ని పద్యాల్లోనే ఇచ్చాడు.  ఆటలాడుతూ కూర్చుంటే సిలబస్ ఎవరు పూర్తిచేస్తారని కొందరి అభ్యంతరం. న్యాయమే, కూడికల్లో తడబడేవాడికి చదరమూ సాగదు, అభ్యాసానికి ఆట బదులు కాదు. అయితే ఈ మాట అనేవాళ్ళే అడ్మిషన్ల కరపత్రం మీద ‘ఆడుతూ పాడుతూ గణితం’ అని రంగుల్లో అచ్చేయించకుండా ఉంటే బాగుండేది. కనీసం లెక్కలంటే భయం పోతుంది కదా అంటారు ఇంకొందరు. భయం పుట్టేది దారి తోచని చోట. ఆ చోటుకి పిల్లల్ని వెళ్ళనివ్వకుండా పోగొట్టింది ఏ భయాన్ని?

ఇంటి అరుగు మీద అష్టాచెమ్మా ఆడే పిల్లలకి చెమ్మ పడటం ఎంత కష్టమో తెలుసు. గవ్వ ఎటైనా సమానంగా పడుతుందనుకుంటే నాలుగు గవ్వలకీ 16 రకాల పాట్లు. రెండు వెల్లకిలా పడేవి 6, నాలుగూ పడే చెమ్మ ఒక్కటే. నిజం గవ్వ అంత సమానంగా పడుతుందా అన్నది ఇంకా మంచి లెక్క, వందసార్లు వేసి రాసుకుంటే తేలుతుంది. పదో తరగతి సంభావ్యత పాఠం అంతా అందులోనే ఉంది. ఆ గవ్వలు బడికి తెస్తే మాత్రం జూదమని లాక్కుని, బోర్డు మీద పాచిక బొమ్మ గీసి, సూత్రం కింద రెండు గీతలు కొట్టిస్తారు.