పెన్ను యాచనా వాక్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

కాళిదాస కావ్యములకు వ్యాఖ్య వ్రాసిన మల్లినాథసూరి మెదకుసీమ కొలిచెలమవాడు. మూలమున లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు ఆయన నియమము పెట్టుకొనెను. మొదటి నియమమును మేమును శిరసావహింతుము. రెండవదానిని పాటించినచో ఈ వ్యాఖ్యయే పుట్టదు.

సందర్భము

ఒకానొక బ్యాంకునందు డబ్బు కట్టు వరుసలో నిలిచిన యువకుడు, కౌంటరు వద్ద దారముతో కట్టిన పెన్నును పరీక్షించి, దారము గట్టిదే గాని పెన్నులో ఇంకు లేదని గ్రహించి, ముందున్న పెద్దాయన జేబు వంక చూచి ఇట్లనుచున్నాడు.

మూలము

"అంకుల్, కెన్ యూ బారో మీ యువర్ పెన్?"

ప్రతిపదార్థము

అంకుల్ = ఓ పెద్దాయనా (చుట్టరికము లేకున్నను అవసరము కలిగినపుడు పుట్టు సంబోధనము);
కెన్ యూ = నీవు చేయగలవా (శక్తిని గూర్చిన ప్రశ్నవలె తోచును గాని ఇచట ప్రార్థనార్థకము);
బారో = అరువు పుచ్చుకొనుటకు;
మీ = నన్ను;
యువర్ = నీదైన (జేబునుండి తొంగిచూచుచున్న అని భావము);
పెన్ = కలము.

అన్వయము

"ఓ పెద్దాయనా, నీవు నన్ను అరువు పుచ్చుకొనగలవా?" అని శబ్దార్థము తేలుచున్నది. అనగా యువకుడు తన్ను తానే అరువుసొమ్ముగా సమర్పించుకొనుచున్నాడు. పెన్నుకు అన్వయము దొరకక వాక్యము చివర ఒంటరిగా నిలిచినది. ఇది వక్త హృదయము కాదు.

తాత్పర్యము

"అంకుల్, మీ పెన్ను ఒకసారి ఇస్తారా?"

వ్యాకరణ విశేషము

ఇచ్చువాడు కర్తయైనచో లెండ్, పుచ్చుకొనువాడు కర్తయైనచో బారో. లెండ్ ధాతువు ద్వికర్మకము: ఎవరికి, ఏది అను రెంటిని పక్కపక్కన పెట్టుకొనును. బారో ధాతువునకు వస్తువొక్కటే కర్మ. ఇచ్చువాని పేరు చెప్పదలచినచో ఫ్రమ్ అను విభక్తిని ఆశ్రయింపవలెను. కావున "కెన్ యూ లెండ్ మీ యువర్ పెన్" అన్నను సాధువే, "కెన్ ఐ బారో యువర్ పెన్" అన్నను సాధువే. మన యువకుడు మొదటి వాక్యము శరీరమున రెండవ వాక్యము ప్రాణము పెట్టినాడు.

అప్పులోని ఇరుపక్షములను వేరుచేయుట మనకును కొత్త కాదు. సంస్కృతమున అప్పిచ్చినవాడు ఉత్తమర్ణుడు, తీసికొన్నవాడు అధమర్ణుడు. బాకీపడియుండుట అను అర్థము గల ధాతువుతో వచ్చు ఉత్తమర్ణునికి సంప్రదాన సంజ్ఞ కలుగునని పాణిని అష్టాధ్యాయిలో (1.4.35) ప్రత్యేకముగా సూత్రించెను. అప్పులవానికి వ్యాకరణమునందును మర్యాద ఎక్కువే.

పూర్వపక్షము

ఇచట కొందరు ఆక్షేపింతురు. తెలుగున అప్పు ఒక్కటే. ఇచ్చినను అప్పే, తెచ్చినను అప్పే. ఎరువిచ్చినాడు, ఎరువు తెచ్చుకొన్నాడు. చేబదులిచ్చినాడు, చేబదులు తీసికొన్నాడు. సొమ్ము ఎటు పోవుచున్నదో చెప్పుట పక్కనున్న క్రియ పని. అట్టి భాషలో పెరిగినవానికి బారో అనగా అప్పు అని మాత్రమే తోచుట సహజము. జర్మనులకు బోర్గెన్ అను ఒకే ధాతువు ఇచ్చుటకును పుచ్చుకొనుటకును చెల్లుచున్నది. అమెరికా ఉత్తర మధ్యసీమలో "బారో మీ" అను ఇంగ్లీషువారే కలరు. ఇక యువకుని దోషమేమి?

సిద్ధాంతము

దోషము లేదు, మార్కులును లేవు. మాండలికము దాని ఊరిలో రాజు. పరీక్షా పత్రమునకు ఊరు లేదు.

యోగ్యతా విచారము

కదిలింపదగి, తిరిగి ఇయ్యదగిన వస్తువే సాధారణముగా బారోకు యోగ్యము. ఇంటికి వచ్చిన అతిథి "కెన్ ఐ బారో యువర్ బాత్రూమ్" అన్నచో, దానిని పెకలించుకొని పోవునేమో అని గృహస్థు కలతపడును. అచట యూజ్ అనవలెను. లెండ్ మాత్రము ఉదారము. చేయి, చెవి కూడ లెండ్ చేయుదురు. చేయి ఇచ్చుట అనగా సాయపడుట, చెవి ఇచ్చుట అనగా వినుట. తెలుగున చెవి ఒగ్గినను అదే ఫలము. చేయి ఇచ్చినచో మాత్రము మోసమే.

బారోకు తిరిగి ఇయ్యని అర్థములును కలవు. తీసివేత లెక్కలలో ఒకట్ల స్థానము చాలనపుడు పదుల స్థానమునుండి ఒకటి అప్పు తెత్తుము. అది తిరిగి చెల్లించినట్లు ఏ మాస్టారును చెప్పలేదు. మాటల సంగతియు అంతే. ఇంగ్లీషుకు పెన్ను లాటిను ఈకనుండి వచ్చినది. మనము దానిని తెచ్చి చివర ఉకారము తగిలించితిమి. పోనీ కలమందునా, అది అరబ్బీ సొత్తు.

మూతా విశేషము

పెద్దాయన వాక్యదోషమును పట్టించుకొనలేదు. జేబునుండి పెన్ను తీసి, మూత ఊడదీసి, మూతను తనవద్ద నుంచుకొని, పెన్నును మాత్రము ఇచ్చెను. ఇదియే శాస్త్రరహస్యము. ప్రాచీన ఇంగ్లీషున బోర్గ్ అనగా పూచీ. బారో ధాతువు దానినుండియే పుట్టినది. పూచీ చూపి తీసికొనుటయే దాని తొలి అర్థము. లెండ్ వంశము వేరు: దాని పూర్వరూపమైన లేనన్‌లో డకారమే లేదు, అది తరువాత చేరినది. బ్యాంకు వరుసలో పూచీ పెట్టువాడు లేడు గనుక, ఇచ్చువాడే తన సొత్తులో సగమును తనవద్దనే తాకట్టు పెట్టుకొనుచున్నాడు. ఇట్టి ఏర్పాటు మరి ఏ ఋణమునందును కానము. అయినను పెన్నులు దీనివలననే తిరిగివచ్చుచున్నవి. మూతలేని పెన్నును జేబులో వేసికొనుటకు చొక్కాపై ప్రేమగలవాడెవడును సాహసింపడు.

ఫలశ్రుతి

మూత చేతనున్నవాడు లెండ్‌కు కర్త. మూతలేని పెన్ను చేతనున్నవాడు బారోకు కర్త. రెంటిని జేబులోనే ఉంచుకొని "ఇంకు అయిపోయింది నాయనా" అనువాడు ఈ రెండు ధాతువులకును అతీతుడు.